షాఫ్ట్స్‌బరీ ప్రభువు

ఇంగ్లండు దేశమున 1801వ సంవత్సరము ఏప్రిలు 28వ తేదీన, లండను నగరములోని గ్రోవనరు చదుకమను ధనికుల పేటలో, ఆంటొనీ ఆష్లీ కూపరు జన్మించెను. ఆ కుటుంబమునకు డార్సెటు మండలమున విశాలమైన భూములును, పెద్ద భవనమును గలవు. తండ్రి ఆఱవ షాఫ్ట్స్‌బరీ ప్రభువైన పిమ్మట, పెద్దకుమారుడగు నితనిని ఆ దేశాచారము ననుసరించి ఆష్లీ ప్రభువని పిలువసాగిరి. 1851లో తండ్రి గతింపగా ఇతడే ఏడవ షాఫ్ట్స్‌బరీ ప్రభువయ్యెను. చరిత్రలో నిలిచినది ఆ పేరే.

సిరిసంపదలకు కొదువలేని ఆ యింట బిడ్డలకు కొదువయైనది ప్రేమ యొక్కటియే. తండ్రి కఠినుడు, రాజకీయ వ్యవహారములందు మునిగియుండువాడు. తల్లికి విందులు వినోదములు ముగించుకొని బిడ్డల మొగము చూచుటకు తీరిక దొరకెడిది కాదు. మేరియా మిల్లిస్ అను పరిచారిక మాత్రము ఆ బాలుని చేరదీసి, ఒడిలో కూర్చుండబెట్టుకొని పుణ్యకథలు చెప్పి, ప్రార్థన నేర్పెను. ఆమె మరణించునపుడు తన బంగారు గడియారమును అతనికి వ్రాసియిచ్చెను. పెద్దవాడై ప్రభువైన తరువాత గూడ అతడు ఆ గడియారమునే ధరించుచుండెను. కన్నతల్లి చేయని పని ఒక పనికత్తె చేసెనన్నమాట.

ఏడవ యేట అతనిని చిజికు అను చోటనున్న బడికి పంపిరి. అచ్చట మురికి, ఆకలి, పెద్దపిల్లల దౌర్జన్యము తప్ప మఱేమియు లేదు. సెలవులలో నింటికి పోయిన తండ్రి కాఠిన్యము. తిరిగి వచ్చిన బడిలోని బాధ. బలము లేని బిడ్డ బలవంతుని చేతిలో చిక్కిన నెట్లుండునో అతడు పుస్తకములలో చదివి తెలిసికొనలేదు. తరువాత హారో విద్యాలయమున చదువుచుండగా, పదునాలుగేండ్ల ప్రాయమున, ఒక దృశ్యమును జూచెను. కొందఱు త్రాగుబోతులు పాటలు పాడుచు ఒక బీదవాని శవపేటికను మోసికొని పోవుచుండిరి. వీధి మలుపున కాలు తడబడి పేటికను క్రింద పడవేసి, ఒకరినొకరు తిట్టుకొనసాగిరి. వెంట ఏడ్చువా రెవ్వరును లేరు. పేదవాడైనంత మాత్రమున మనిషి కింత అవమానమా యని బాలుడు నిశ్చేష్టుడయ్యెను. ఈ సంఘటన యొక్కటియే అతని జీవితమును మార్చెననుట అతిశయోక్తి. కాని ముదిమిలో గూడ అతడు దానిని తలచుకొనుచుండెడివాడు.

ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ప్రథమశ్రేణిలో నుత్తీర్ణుడై, 1826లో అతడు కామన్సు సభలో సభ్యుడయ్యెను. మొట్టమొదట అతని దృష్టి నాకర్షించినవారు ఉన్మాదరోగులు. ఆ కాలమున వారిని గడ్డిమీద గొలుసులతో కట్టి పశువులవలె నుంచుచుండిరి. వారి శాలలను పరీక్షించు సంఘమున 1828లో చేరి, మరణపర్యంతము, అనగా 57 సంవత్సరములు, ఆ పనిని వదలలేదు. 1830లో ఎమిలీ కూపరను సుగుణవతిని వివాహమాడెను. వారికి పదిమంది సంతానము.

ఆ దినములలో ఇంగ్లండున ఆవిరియంత్రములు వచ్చి నూలుమిల్లులు విరివిగా వెలసెను. మిల్లు యజమానులకు పెద్దవారికంటె పిల్లలే అనుకూలముగా నుండిరి. కూలి తక్కువ, సన్నని వ్రేళ్లతో తెగిన దారములను చురుకుగా ముడివేయుదురు, తిరుగుచున్న యంత్రముల క్రిందికి దూఱి దూదిని ఊడ్చుదురు, దెబ్బకు లొంగుదురు. ఆఱేడేండ్ల బిడ్డలు దినమునకు పండ్రెండు పదునాలుగు గంటలు నిలుచుండి పనిచేయుచుండిరి. నిద్ర వచ్చి తూలిన తోలుపట్టెతో కొట్టుచుండిరి. పార్లమెంటులో వారి పక్షమున వాదించుచుండిన శాడ్లరు అను సభ్యుడు ఎన్నికలలో ఓడిపోగా, 1833లో కార్మికుల ప్రతినిధి ఆష్లీ యొద్దకు వచ్చి ఆ భారమును వహింపుమని ప్రార్థించెను. ఆష్లీ వెంటనే మాట యీయలేదు. పని పెద్దది, శత్రువులు బలవంతులు, పదవులపై ఆశ వదలుకొనవలెను. ఇంటికి పోయి భార్యతో ఇవి యన్నియు చెప్పెను. ఆమె కష్టములను లెక్కింపక ముందునకు సాగుమనెను.

ఆ సంవత్సరమే ఒక శాసనము వచ్చెను. అది ఆష్లీ కోరినంత బలమైనది కాదు. నూలుమిల్లులలో తొమ్మిదేండ్లలోపు పిల్లలను పనిలో పెట్టరాదు. పదుమూడేండ్లలోపు వారిచే దినమునకు తొమ్మిది గంటలకు మించి పనిచేయింపరాదు. దేశమంతకును నలుగురు తనిఖీదారులు. వయస్సు నిర్ణయించుటయే పెద్ద చిక్కయ్యెను. ఏలయన అప్పటికి జననములను ప్రభుత్వము నమోదుచేయుట లేదు. ఆ పద్ధతి 1837లో గాని రాలేదు. పొడవును బట్టియు, పండ్లను బట్టియు వైద్యుడు బిడ్డ వయస్సు చెప్పవలసి వచ్చెను. ఇట్లుండగా ఆఱేండ్లవానిని తొమ్మిదేండ్లవానిగా చూపుట ఎంతపని! స్త్రీలకును, పదునెనిమిదేండ్లలోపు వారికిని దినమునకు పదిగంటల పని చాలునను శాసనము 1847 వఱకు రాలేదు.

మిల్లులకంటె ఘోరమైనవి బొగ్గుగనులు. 1838వ సంవత్సరము జూలై 4వ తేదీన యార్కుషైరు మండలములోని సిల్కుస్టను వద్ద హస్కరు గనిలోనికి వరదనీరు చొచ్చి 26 మంది పిల్లలు మునిగి మరణించిరి. భూగర్భమున పిల్లలు పనిచేయుచున్నారని దేశములో పలువురకు అపుడే తెలిసెను. ఆష్లీ పట్టుదలచే 1840లో ఒక విచారణసంఘ మేర్పడెను. రెండేండ్లకు దాని నివేదిక వెలువడెను. అందలి విషయములిట్టివి. గనిలో గాలి సరిగా పోవుటకు అక్కడక్కడ తలుపులుండును. బొగ్గుబండి వచ్చినపుడు త్రాడులాగి తలుపు తెఱచుటకు ఐదాఱేండ్ల బిడ్డను గోడలోని చిన్న గూటిలో కూర్చుండబెట్టుదురు. చేత దీపము లేదు. పండ్రెండు గంటలు ఆ చీకటిలో, ఎలుకల నడుమ, ఒంటిగా కూర్చుండవలెను. శీతకాలమున తెల్లవాఱకముందే గనిలోనికి దిగి, ప్రొద్దుగ్రుంకిన పిమ్మట పైకి వచ్చు ఆ బిడ్డ ఆదివారము తప్ప సూర్యుని చూడడు. కొంచెము పెద్దవారు నడుమునకు పట్టెడ కట్టుకొని, కాళ్ల సందున గొలుసు తగిలించుకొని, నాలుగుకాళ్ల జంతువులవలె బండ్లను ఈడ్చుదురు. ఆడుపిల్లలకును ఇదియే పని.

ఈ నివేదికలో చిత్రములను గూడ ముద్రించిరి. లావుపాటి ప్రభుత్వ గ్రంథములను చదువ నోపని సభ్యులు గూడ చిత్రములను చూడక తప్పలేదు. 1842 జూను 7వ తేదీన ఆష్లీ కామన్సు సభలో రెండుగంటల సేపు ఉపన్యసించెను. సభ్యులలో కొందఱు కంటతడి పెట్టిరి. అంతవఱకు అతనికి ప్రతిపక్షియైన కాబ్డెను మహాశయుడు లేచివచ్చి అతని చేయి పట్టుకొనెను. స్త్రీలను, బాలికలను, పదేండ్లలోపు బాలురను గనులలోనికి దింపరాదను శాసనము ఆ యేడే నెగ్గెను. ఆష్లీ కోరినది పదుమూడేండ్లు. గనుల యజమానులైన ప్రభువులు కూర్చుండు పైసభను దాటి వచ్చునప్పటికి అది పదియయ్యెను. తనిఖీదారుని ఒక్కనినే నియమించిరి.

ఇతరుల మిల్లులను, గనులను దూషించు ఆష్లీ తన తండ్రి భూములలోని వ్యవసాయకూలీల దుస్థితిని ఎఱుగడా యని విరోధులు ఎత్తిపొడిచిరి. ఆ మాటలో సత్యము లేకపోలేదు. ఆష్లీ దానిని కప్పిపుచ్చలేదు. 1843లో డార్సెటులోని భూస్వాముల సమావేశముననే కూలీల పూరిగుడిసెలను, చాలీచాలని కూలిని గూర్చి నిర్మొగమాటముగా పలికెను. దానితో తండ్రి అతనిని ఇంటికి రానీయడయ్యెను. అట్లని అతని అభిప్రాయములన్నియు మెచ్చదగినవి కావు. కార్మికుల కోసము జీవితమును ధారపోసిన ఇతడు కార్మికులు తమంతతాము సంఘములుగా నేర్పడుటను మాత్రము ఇష్టపడలేదు.

ఇక పొగగొట్టముల కథ. మిల్లుల శాసనము, గనుల శాసనము సాధించిన ఇతనికి అన్నిటికంటె ఎక్కువకాలము పట్టినది ఇదియే.

ఇంగ్లండు చలిదేశము. ఆ కాలమున గదిగదికి గోడలోనే పొయ్యి యమర్చి బొగ్గు కాల్చెడివారు. పొగ పోవుటకు గోడలోపలినుండి యింటికప్పు మీది వఱకు గొట్టము కట్టెడివారు. పెద్ద భవనములలో నాలుగైదు పొయ్యిల గొట్టములు వంకరటింకరలుగా తిరిగి పైన నొకచోట కలియును. వానిలో పేరిన మసిని ఎప్పటికప్పుడు తీయనిచో అంటుకొని ఇల్లే కాలిపోవును. కొన్ని గొట్టముల వెడల్పు తొమ్మిది అంగుళములు. మన లెక్కలో జానెడు. పెద్దవాడు పట్టడు. అందుచే నాలుగైదేండ్ల బాలురను ఎక్కించుచుండిరి. జానెడు పొట్టకొఱకు జానెడు గొట్టములో దూఱవలసిన గతి ఆ బిడ్డలది. పేద తల్లిదండ్రులు కొన్ని పౌనులు పుచ్చుకొని బిడ్డను పనివానికి అప్పగించెడివారు. అనాథలను ఊరి ధర్మకర్తలే అప్పగించెడివారు.

మోచేతులతోను మోకాళ్లతోను గోడను అదిమి ప్రాకుటలో చర్మము ఒలిచికొనిపోవును. అది గట్టిపడుటకై మండుచున్న పొయ్యి యెదుట నిలువబెట్టి ఉప్పునీటితో రుద్దెడివారు. భయపడి మధ్యలో ఆగినచో క్రింద గడ్డి ముట్టించెడివారు. లేదా వెనుక మఱియొక బాలుని ఎక్కించి అరికాలిలో సూదితో పొడిపించెడివారు. దారి తప్పి మలుపులో ఇఱుక్కొన్నవాడు మసిలో ఊపిరాడక మరణించును. బ్రతికినవారిలో కొందఱికి యౌవనమున ఒక విధమైన రాచపుండు పుట్టుచుండెను. అది మసివలననే కలుగుచున్నదని పాటు అను శస్త్రవైద్యుడు 1775లోనే కనిపెట్టెను.

ఇదియంతయు తప్పనిసరి యైనదా? కాదు. పొడవైన కఱ్ఱలను ఒకదానికొకటి తగిలించి చివర కుంచెకట్టిన పరికరమును స్మార్టు అనునతడు 1803లోనే నిర్మించియుండెను. కాని గోడలో ఒకటి రెండు చిన్న తలుపులు పెట్టింపవలసి వచ్చునను ఖర్చు కొందఱికి కష్టముగా తోచెను. తివాసులపై మసి పడునని కొందఱు గృహిణులు, తమ ప్రాచీన భవనములు తగులబడునని కొందఱు ప్రభువులు కుంచెను నిరాకరించిరి.

ఎనిమిదేండ్లలోపు వారిని ఈ పనిలో పెట్టరాదని 1788లో ఒక శాసనము, పదేండ్లలోపు వారిని పెట్టరాదని 1834లో మఱియొకటి వచ్చినవి. రెండును కాగితము మీదనే నిలిచిపోయెను. ఆష్లీ ప్రోద్బలముతో 1840లో వచ్చిన శాసనము వీనివంటిది కాదు. అందలి ఒక విషయమును శ్రద్ధగా గమనింపవలెను. ఇరువదియొకటేండ్లు నిండనివారిని పొగగొట్టమెక్కుమని బలవంతము చేయుట నేరము; తెలిసియుండి ఎక్కనిచ్చుటయు నేరమే. కొట్టితిమా, తిట్టితిమా, వాడే సంతోషముగా ఎక్కెను గదా యని యజమాని తప్పించుకొనుటకు వీలులేదు. అన్నము పెట్టువాడు ఎక్కుమన్నపుడు, ఆకలిగొన్న ఐదేండ్ల బిడ్డ సరేయనుటను సమ్మతి యనుకొనుట న్యాయము కాదు. తప్పు ఎక్కినవానిది కాదు, ఎక్కించినవానిది. ఈ నియమము 1842 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను.

శాసనము వచ్చిన యేటనే ఆష్లీ తన యింటి వెనుకవైపున ఒక పొగగొట్టముల పనివాని యొద్ద చిన్న బాలుడున్నాడని తెలిసికొనెను. దేశమునకంతకు శాసనము చేయించిన తనకు పెరటి ప్రక్కనే ఈ దుఃఖమున్నదని తెలిసి నొచ్చుకొని, ఆ బాలుని విడిపించి, నార్వుడు అను చోటనున్న పాఠశాలలో చేర్పించెను.

లండనులో కుంచెలు వ్యాపించెను. కాని తక్కిన పట్టణములలోను పల్లెలలోను పాతపద్ధతియే సాగెను. పని జరుగునది మూసిన తలుపుల వెనుక. సాక్ష్యము చెప్పవలసినది ఆ యింటివారు. వారే బాలుని ఎక్కింపుమని కోరినవారు. తీర్పు చెప్పు మేజిస్ట్రేటు ఇంటి గొట్టములను గూడ బాలురే తుడుచుచుండిరి. ఇంక శిక్షయెక్కడిది? నేరస్థులను కోర్టుకెక్కించు భారమును దయగల కొన్ని సంఘములే తమ చేతిసొమ్ముతో వహింపవలసి వచ్చెను. 1851 మొదలు 1855 వఱకు షాఫ్ట్స్‌బరీ పలుమాఱులు క్రొత్త బిల్లులు తెచ్చెను. ఒకసారి పైసభలో, ఒకసారి క్రిందిసభలో అవి వీగిపోయెను. ఇతనిని చాదస్తుడని పరిహసించినవారును గలరు.

పిల్లల పనులను గూర్చి మఱల విచారణసంఘము నేర్పఱుపవలెనని 1861లో అతడు సభను ఒప్పించెను. దాని మొదటి నివేదిక 1863లో వచ్చినపుడు, ఇరువదేండ్ల క్రిందట నిషేధించిన పని ఇంకను సాగుచున్నదని చదివి జనులు ఆశ్చర్యపడిరి. ఆ యేడే కింగ్‌స్లీ అను రచయిత పొగగొట్టములు తుడుచు బాలుని కథానాయకునిగా చేసి పిల్లలకొక పుస్తకము వ్రాసెను. 1864లో శాసనమును గట్టిపఱచిరి. ఈసారి యుక్తి మాఱినది. గొట్టములో నెక్కినట్లు రుజువు చేయుట కష్టము గనుక, గొట్టము తుడుచుచున్న యింటిలోనికి పదునాఱేండ్లలోపు సహాయకుని తీసికొనిపోవుటయే నేరమనిరి. జరిమానాకు బదులు కఠిన కారాగారశిక్ష విధించు అధికారమును మేజిస్ట్రేటున కిచ్చిరి. అయినను పట్టువారు లేరు. అక్కడొకడు ఇక్కడొకడుగా బాలురు మరణించుచునే యుండిరి. ఏడుపదుల వయస్సు దాటిన షాఫ్ట్స్‌బరీ పత్రికలకు లేఖలు వ్రాసి ఆ మరణములను దేశమునకు జ్ఞాపకము చేయుచుండెను.

1875 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జి సమీపమునందలి ఫుల్‌బోర్ను ఉన్మాదవైద్యశాలలో జార్జి బ్రూస్టరను చిన్న బాలుని అతని యజమాని గొట్టములోనికి ఎక్కించెను. బాలుడు లోపల చిక్కుకొనెను. గోడ పగులగొట్టి బయటికి తీసిరి. కాని కొంతసేపటికే ప్రాణము పోయెను. ఏ వైద్యశాలలను బాగుచేయుటకై షాఫ్ట్స్‌బరీ అర్ధశతాబ్దము పాటుపడెనో, అట్టి వైద్యశాల గోడలోనే, ఏ నేరమును మాన్పుటకై ముప్పదియైదేండ్లు పోరాడెనో ఆ నేరము జరిగెను. న్యాయస్థానము యజమానిని నరహత్యానేరమునకు దోషిగా నిర్ణయించి ఆఱునెలల కఠినశిక్ష విధించెను.

షాఫ్ట్స్‌బరీ వెంటనే మఱియొక బిల్లు తెచ్చెను. అది ఆ సంవత్సరమే శాసనమయ్యెను. దీని ప్రకారము పొగగొట్టములు తుడుచు ప్రతివాడును పోలీసుల వద్ద తన పేరు వ్రాయించుకొని అనుమతిపత్రము పొందవలెను. ఏటేట దానిని మార్చుకొనవలెను. బాలుని ఎక్కించినట్లు నేరము రుజువైనవానికి పత్రము లేదు. పత్రము లేనివానికి పని లేదు. అన్నిటికంటె ముఖ్యముగా, నేరస్థుని పట్టి కోర్టునకు తెచ్చుట ఇకమీదట దయగలవారి యిష్టము కాదు, పోలీసుల విధి. పూర్వపు శాసనములందు లోపించినది ఇదియే. నేరమని వ్రాసిరి గాని, పట్టవలసినవాడెవడో వ్రాయలేదు. 1875 తరువాత ఇంగ్లండులో బాలురు పొగగొట్టములెక్కుట అంతరించెను. 1840లో నలువదేండ్లు నిండనివాడు అప్పటికి డెబ్బదినాలుగేండ్ల వృద్ధుడు.

ఆ యేడు జూలై నెలలోనే అతడు ప్రభువుల సభలో భారతదేశపు మిల్లులలో పనిచేయు పిల్లలను గూర్చి ప్రసంగించెను. 1879లో మఱల ఆ విషయము నెత్తెను. ఇంగ్లండులోని మిల్లు యజమానులలో కొందఱు బొంబాయి మిల్లుల పోటీకి భయపడి ఈ వాదమును బలపఱచిరనుట నిజమే. కాని పిల్లల దుఃఖము అంతకంటె నిజము. 1881లో భారతదేశపు మొదటి కర్మాగారముల చట్టము వచ్చెను. యంత్రశక్తితో నడచుచు నూఱుమంది పనివారున్న కర్మాగారములలో ఏడేండ్లలోపు వారిని పెట్టరాదు. ఏడు మొదలు పండ్రెండేండ్ల వారిచే దినమునకు తొమ్మిది గంటలకు మించి పనిచేయింపరాదు. అప్పుడు మద్రాసు రాజధానిలో నుండిన తెలుగు జిల్లాలకును ఈ చట్టమే వర్తించెను. ఏడేండ్లు! ఇంగ్లండు ఏబదియేండ్ల క్రిందట తన పిల్లలకు పెట్టుకొన్న హద్దుకంటె ఇది రెండేండ్లు తక్కువ. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 24వ అధికరణమున పదునాలుగేండ్లలోపు బాలబాలికలను కర్మాగారములలో గాని, గనులలో గాని, అపాయకరమైన మఱి యే యితర పనిలో గాని నియోగింపరాదని శాసించెను.

షాఫ్ట్స్‌బరీకి జీవితమంతయు అప్పులబాధ తప్పలేదు. మంత్రులు పదవులు చూపినపుడు, పిల్లల శాసనములకు వారు సుముఖులు కానందున నిరాకరించెను. చింకిబట్టల పిల్లలకు ఉచితముగా చదువు చెప్పు బడుల సంఘమునకు 1844 మొదలు తుదివఱకు అధ్యక్షుడుగా నుండి, ఆ బడులకు స్వయముగా పోయి పిల్లలను పలుకరించుచుండెను. 1885 అక్టోబరు 1వ తేదీన ఫోక్‌స్టను అను సముద్రతీర పట్టణమున కన్నుమూసెను.

అక్టోబరు 8వ తేదీన లండనులోని వెస్టుమినిస్టరు మందిరమున అంత్యప్రార్థనలు జరిపిరి. ఇంగ్లండు తన మహాపురుషులను సమాధిచేయు చోటు అది. ఆ ఉదయము దారిపొడవున, ప్రభువులకంటె ఎక్కువగా, చింకిబట్టల బడుల పిల్లలు, తోపుడుబండ్లవారు, కూలీలు తమ సంఘముల జెండాలు పట్టుకొని నిలుచుండిరి. కాని దేహమును అచ్చట సమాధి చేయలేదు. తన కోరిక ప్రకారము డార్సెటులోని స్వగ్రామమగు వింబోర్ను సెంటు జైల్సునకు తీసికొనిపోయి, ఆ పల్లె గుడిలో భూస్థాపితము చేసిరి.